ఫ్రీ సర్క్యూట్ సిమ్యులేటర్ల వెనకున్న ప్రొఫెసర్ కథ

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, చిన్న చిన్న సర్క్యూట్లు టెస్ట్ చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? క్రాక్ వెర్షన్ లింక్ ఉంటే పెట్టవా?" పెట్టను. మీకు దాని అవసరమే లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే 1969కి వెళ్లాలి.

అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీ క్యాంపస్. అప్పటిదాకా సర్క్యూట్ టెస్ట్ చేయడమంటే బోర్డు మీద కట్టి మీటరు పెట్టి చూడటమే. రెసిస్టర్ తప్పయితే పీకేసి ఇంకోటి పెడతాం. ఐసీలు వచ్చాక ఆ పప్పులు ఉడకలేదు. చిప్ లోపలి ట్రాన్సిస్టర్‌ని పీకలేం కదా! పోనీ అదే సర్క్యూట్‌ని విడి పార్టులతో బోర్డు మీద కడితే, చిప్‌లో పనిచేసినట్టు పనిచేయదు. కాబట్టి తయారుచేయక ముందే లెక్కేసి చూడాలి. అది చేత్తో అయ్యే లెక్క కాదు.

అక్కడ రాన్ రోరర్ అనే ప్రొఫెసర్ ఒక విచిత్రమైన క్లాసు పెట్టారు. స్టూడెంట్లంతా కలిసి ఒక సర్క్యూట్ సిమ్యులేటర్ రాయాలి. అది బాగుందో లేదో తేల్చేది ఆయన కాదు, అదే డిపార్ట్‌మెంట్‌లో ఐసీల మీద పనిచేసే డొనాల్డ్ పెడర్సన్. ఆయనకి నచ్చితే పాస్. మన వైవా ఎంత నయమో చూడండి!

ఆ ప్రోగ్రాం పేరు క్యాన్సర్. జోక్ కాదు. "రేడియేషన్ మినహా నాన్‌లీనియర్ సర్క్యూట్ల కంప్యూటర్ విశ్లేషణ" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు అవి. మధ్యలో రేడియేషన్ ఎందుకొచ్చిందంటే, అప్పటి చాలా సిమ్యులేటర్లకి రక్షణ శాఖ డబ్బులిచ్చేది. రేడియేషన్ తగిలితే సర్క్యూట్ తట్టుకుంటుందా అనేది కూడా వాటిలో చూడాలి. అవి వియత్నాం యుద్ధం రోజులు. ఆ పని మేం చేయం అని బర్కిలీ కుర్రాళ్లు పేరులోనే చెప్పేశారు.

తర్వాత రోరర్ బర్కిలీ వదిలి వెళ్లారు. ఆ ప్రోగ్రాం మీద పనిచేస్తున్న లారీ నాగెల్ పీహెచ్‌డీ కోసం పెడర్సన్ దగ్గరికి చేరారు. పెడర్సన్ ఒకటే పట్టు పట్టారు: కోడ్ మీద ఎవరి ఆంక్షలూ ఉండకూడదు, అందరికీ ఇచ్చేయాలి. దాంతో నాగెల్ దాన్ని మళ్లీ రాశారు. 1973 ఏప్రిల్‌లో కెనడాలోని వాటర్లూలో జరిగిన సదస్సులో కొత్త పేరుతో బయటికొచ్చింది: స్పైస్. 1975లో స్పైస్2 వచ్చింది. టేపు అడిగినవాళ్లకి నామమాత్రపు ఖర్చుకే ఇచ్చేవాళ్లు. బర్కిలీలో చదివినవాళ్లు ఉద్యోగాలకి వెళ్తూ దాన్ని కంపెనీలకి మోసుకెళ్లారు. 1984లో పీస్పైస్ పేరుతో పీసీల్లోకి వచ్చింది, 1989లో స్పైస్3 సీ భాషలో వచ్చింది. ఇవాళ మీరు ఫ్రీగా దించుకునే ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్ ఆ వంశానివే. కైక్యాడ్‌లో సిమ్యులేషన్ చేసేదీ, ఐఐటీ బాంబే వాళ్ల ఈసిమ్ లోపల ఉన్నదీ ఎన్‌జీస్పైసే.

వారసత్వంతో పాటు పాత అలవాట్లూ వచ్చాయి. బీటెక్‌లో నేనొక టైమర్ చేశా. 1 మెగాఓమ్ రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండూ గుణిస్తే 10 సెకన్లు. రన్ చేస్తే ఆలస్యమే లేదు, కెపాసిటర్ అలా నిండిపోతోంది. రెండు రోజులు కెపాసిటర్‌ని అనుమానించా! చివరికి తేలిందేంటంటే, నేను పెద్ద ఎమ్ రాశా. స్పైస్ పుట్టింది పంచ్ కార్డుల కాలంలో, కార్డుల మీద అన్నీ పెద్ద అక్షరాలే. అందుకే దానికి చిన్న ఎమ్, పెద్ద ఎమ్ రెండూ మిల్లీయే. మెగా కావాలంటే "మెగ్" అని రాయాలి. నా 10 సెకన్లు 10 నానోసెకన్లయ్యాయి. ఇంకోటి, ఫైల్‌లో మొదటి లైనుని అది టైటిల్‌గానే తీసుకుంటుంది, ఎందుకంటే మొదటి కార్డు టైటిల్ కార్డు. అక్కడ బ్యాటరీ రాస్తే మీ సర్క్యూట్‌లో బ్యాటరీ ఉండదు.

మరి ఏది వాడాలి? ఎల్ఈడీ, ఆర్డుయినో దగ్గరే ఉంటే టింకర్‌క్యాడ్ చాలు. 9 వోల్ట్ బ్యాటరీకి ఎల్ఈడీని రెసిస్టర్ లేకుండా కలిపితే అక్కడ పేలినట్టు బొమ్మ చూపిస్తుంది. స్పైస్ అలా చూపించదు, పెద్ద కరెంటు అంకె ఇచ్చి ఊరుకుంటుంది. కాలిందని మీరే అర్థం చేసుకోవాలి. కరెంటు ఎటు పారుతోందో కళ్లతో చూడాలంటే ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్ బాగుంటుంది, ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, వేళ్లతో కాస్త చిరాకు అంతే. ఆంప్లిఫైయర్, పవర్ సప్లై లాంటివైతే నా ఓటు ఎల్‌టీస్పైస్‌కే. దాని స్క్రీన్ చూస్తే పాత విండోస్ గుర్తొస్తుంది, భయపడకండి.

నా టైమర్ ఫైల్ డిస్క్రిప్షన్‌లో పెట్టా. అందులో ఒక తప్పు కావాలనే వదిలేశా. రన్ చేసి పట్టుకోండి చూద్దాం.