మోటారు హోము మురుగునీటి నిల్వ ట్యాంకు

మోటారు హోములు, ట్రెయిలర్లు, ఊరికి దూరముగా ఉండే క్యాబిన్లు వంటి, మురుగు కాలువతో సంబంధము లేని నివాసాలలో వాడిన నీటిని తాత్కాలికముగా పట్టి ఉంచే మూసిన పాత్రను మురుగునీటి నిల్వ ట్యాంకు లేదా హోల్డింగ్ ట్యాంకు అంటారు. దీనిని సెప్టిక్ ట్యాంకుగా పొరబడరాదు. సెప్టిక్ ట్యాంకులో బాక్టీరియా మలినాన్ని కొంతవరకు కుళ్ళబెట్టగా, తేరిన నీరు భూమిలోకి ఇంకిపోతుంది. నిల్వ ట్యాంకు మురుగును శుద్ధి చేయదు, ఎక్కడికీ వదలదు, కేవలము దాచి ఉంచుతుంది. అందువలన ఇందులో చేరిన ప్రతి లీటరునూ ఎవరో ఒకరు మరొక చోటికి చేర్చవలసినదే. ఈ ట్యాంకులకు అనుబంధముగా ఉండే పంపులు, చక్రాల తొట్లు, గొట్టాలు అన్నీ ఆ పని కొరకు ఏర్పడినవే.

చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1930ల నాటి ట్రెయిలర్లలో చాలావాటికి మరుగుదొడ్డి ఉండేది కాదు. ప్రయాణికులు బాల్చీలతోనో, విడిదులలోని ఉమ్మడి మరుగుదొడ్లతోనో సరిపెట్టుకొనేవారు. పాత్రలు కడిగిన నీరు నేరుగా నేలపై పడేది. ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1957లో విడుదల చేసిన ఇంటర్నేషనల్ అనే ట్రెయిలరు బయటి నీటి, విద్యుత్తు, మురుగు కనెక్షన్లు లేకుండానే కొన్ని రోజులు గడపడానికి వీలుగా తయారైనది. 1963లో మిషిగన్ రాష్ట్రములో మొదలైన థెట్‌ఫోర్డ్ సంస్థ ఇటువంటి వాహనాలకు మరుగుదొడ్లు తయారు చేయసాగినది. ఆ సంస్థ 1968లో ప్రవేశపెట్టిన పోర్టా పాటీ చేతితో మోసుకుపోగల రెండు అరల మరుగుదొడ్డి. విన్నెబాగో సంస్థ 1966లో మోటారు హోముల తయారీ ప్రారంభించిన తరువాత ఈ వాహనాలు సామాన్య కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. ట్యాంకులను ఖాళీ చేసే కేంద్రాల అవసరమూ దానితో పెరిగినది.

నిర్మాణము

సాధారణముగా ఒక మోటారు హోములో మూడు ట్యాంకులు ఉంటాయి. మొదటిది మంచినీటికి. రెండవ దానిలో స్నానము, వంటగదుల నీరు చేరుతుంది, దీనిని గ్రే వాటర్ అంటారు. మూడవది మరుగుదొడ్డి మురుగుకు, దీనిని బ్లాక్ వాటర్ అంటారు. మురుగు ట్యాంకులను ప్లాస్టిక్‌తో చేసి వాహనము అడుగున బిగిస్తారు. వీటి పరిమాణము చిన్న ట్రెయిలర్లలో 75 లీటర్ల నుండి పెద్ద వాహనాలలో 190 లీటర్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. దుర్వాసన పోవుటకు ట్యాంకు నుండి పైకప్పు మీదికి ఒక గాలి గొట్టము ఉంటుంది. బ్లాక్ వాటర్ ట్యాంకు 3 అంగుళాల వాల్వు ద్వారా, గ్రే వాటర్ ట్యాంకు తరచుగా 1.5 అంగుళాల వాల్వు ద్వారా ఒకే నిర్గమ గొట్టములోకి తెరుచుకుంటాయి.

ట్యాంకు గోడలోని లోహపు మొనలు నీటి మట్టాన్ని తెలుపుతాయి. అయితే కాగితము, జిడ్డు వాటికి అంటుకొనడము వలన ఖాళీ ట్యాంకును కూడా నిండినట్లు చూపడము సర్వసాధారణము. అనుభవజ్ఞులు ఈ మీటరును పెద్దగా నమ్మరు.

ఐరోపాలో దీనికి భిన్నముగా క్యాసెట్ పద్ధతి ఎక్కువ వాడుకలో ఉన్నది. మరుగుదొడ్డి క్రింద సుమారు 20 లీటర్ల పెట్టె ఉంటుంది. వాహనము బయటి నుండి ఒక చిన్న తలుపు తీసి దానిని సొరుగువలె లాగి, చక్రాలపై నడిపించుకొనిపోయి ఖాళీ చేస్తారు. వాహనాన్ని కదపనవసరము లేదు. కాని దీనిని తరచుగా ఖాళీ చేయవలసి ఉంటుంది.

ఖాళీ చేయు విధానము

ట్యాంకులను డంప్ స్టేషన్ అనే కేంద్రములో ఖాళీ చేస్తారు. వాలుగా కట్టిన కాంక్రీటు గచ్చు, మధ్యలో మూత గల రంధ్రము, కడుగుటకు ఒక కొళాయి దీని ముఖ్య భాగాలు. ఆ కొళాయి నీరు తాగుటకు పనికిరాదు. అక్కడి గొట్టాన్ని ఎందరో మురుగు పైపులు కడగడానికి వాడి ఉంటారు. దానితో మంచినీటి ట్యాంకు నింపుకొనడము మురుగులోని రోగకారక క్రిములను ఇంటిలోకి తెచ్చుకొనడమే.

మొదట బ్లాక్ వాటర్ వాల్వు తెరచి, అది ఖాళీ అయిన పిమ్మట గ్రే వాటర్ వాల్వు తెరుస్తారు. సబ్బు నీరు వెనుక వచ్చి గొట్టాన్ని కడుగుతుంది. విడిదిలో మురుగు కనెక్షను ఉన్నప్పుడు బ్లాక్ వాటర్ వాల్వును ఎల్లప్పుడూ తెరచి ఉంచడము కొత్తవారు చేసే పొరపాటు. అప్పుడు నీరు వెంటనే జారిపోయి ఘనపదార్థము మాత్రము ట్యాంకులో గుట్టగా పేరుకొని గట్టిపడుతుంది. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండే వరకు వాల్వు మూసి ఉంచితే, తెరచినప్పుడు వచ్చే ఉరవడికి అంతా కొట్టుకొనిపోతుంది.

పంపులు, చక్రాల తొట్లు

పై విధానమంతా పల్లానికి పారే గుణముపై ఆధారపడినది. మురుగు రంధ్రము ఎత్తులో గాని దూరముగా గాని ఉన్నచోట మాసిరేటర్ పంపును వాడతారు. ఇది 12 వోల్టుల వాహన బ్యాటరీతో నడుస్తుంది. ఇందులోని బ్లేడ్లు ఘనపదార్థాన్ని, కాగితాన్ని మెత్తగా నూరి పలుచని ద్రవముగా మార్చుతాయి. పంపు దానిని 1 అంగుళము లేదా అంతకన్న సన్నని గొట్టము గుండా ఎత్తుకు నెట్టగలదు. నిమిషానికి 45 లీటర్లు తోడే పంపు 150 లీటర్ల ట్యాంకును నాలుగు నిమిషాలలోపే ఖాళీ చేస్తుంది. నీరు లేకుండా నడిపితే ఇందులోని రబ్బరు చక్రము త్వరగా పాడవుతుంది. గుడ్డపీలికలు, తడి టిష్యూలు పడినా అంతే.

వాహనము కదపకుండా మురుగును తరలించుటకు టోట్ ట్యాంకు అనే చక్రాల తొట్టి ఉన్నది. చాలాకాలముగా నీలి రంగులో అమ్ముడవుతున్నందున దీనికి బ్లూ బాయ్ అనే ముద్దుపేరు వచ్చినది. మురుగును ఇందులోకి వదలి, చేతితో గాని, కారు వెనుక తగిలించి నెమ్మదిగా గాని లాగుకొనిపోతారు. 150 లీటర్ల తొట్టి నిండితే సుమారు 150 కిలోల బరువు ఉంటుందన్న సంగతి కొనేటప్పుడు చాలామందికి తట్టదు. తొట్టి వాహన ట్యాంకు కన్న చిన్నదైతే మధ్యలో వాల్వు మూయవలసి వస్తుంది. 3 అంగుళాల ధార విషయములో ఇది అంత తేలిక కాదు. పంపుతో నింపితే మీట నొక్కి ఆపవచ్చును.

క్యాబిన్లలో

సరస్సుల ఒడ్డున, రాతినేలపై కట్టిన క్యాబిన్లకు సెప్టిక్ వ్యవస్థ కుదరని సందర్భాలు ఉంటాయి. కెనడాలోని అంటారియో రాష్ట్ర భవన నియమావళి నిల్వ ట్యాంకును 5వ తరగతి మురుగు వ్యవస్థగా పేర్కొని, కొన్ని పరిమిత సందర్భాలలో మాత్రమే అనుమతిస్తుంది. ట్యాంకు కనీసము 9,000 లీటర్లు ఉండవలెను. మురుగు తరలించే వారితో ముందుగానే ఒప్పందము ఉండవలెను. ఈ తరలింపు లారీలను వాడుకలో హాస్యముగా హనీ వాగన్, అనగా తేనె బండి అంటారు.

ఇంత పెద్ద ట్యాంకులలో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు చేరుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తిని కోల్పోతుంది. కనుక వాసన లేదని లోనికి దిగరాదు. భారతదేశములో సెప్టిక్ ట్యాంకులలో, మాన్‌హోళ్ళలో దిగిన కార్మికుల మరణాలకు ఈ వాయువు ఒక ప్రధాన కారణము. 2013 నాటి చట్టము రక్షణ పరికరాలు లేకుండా వారిని దింపడాన్ని నిషేధించినది.

రసాయనాలు, చట్టాలు

దుర్వాసనను అణచుటకు ఫార్మాల్డిహైడ్ కలిసిన నీలి ద్రవాలను దశాబ్దాల పాటు విరివిగా వాడారు. ఇది ట్యాంకులోని బాక్టీరియాను చంపి వాసనను ఆపుతుంది. అదే ద్రవము విడిది యొక్క సెప్టిక్ ట్యాంకును చేరినప్పుడు, మురుగును శుద్ధి చేయవలసిన బాక్టీరియాను కూడా చంపుతుంది. ఒక వాహనము వలన జరిగే హాని స్వల్పమే కావచ్చును. వేసవిలో రోజుకు పదుల కొద్దీ వాహనాలు ఖాళీ చేసే చోట సెప్టిక్ వ్యవస్థ చెడిపోయి శుద్ధి కాని మురుగు భూగర్భ జలములో కలిసే ప్రమాదము ఉన్నది. కాలిఫోర్నియా రాష్ట్రము 2010లో చేసిన చట్టము ద్వారా ఫార్మాల్డిహైడ్‌తో పాటు మరికొన్ని రసాయనాలు గల ఉత్పత్తులను నిషేధించినది. ఎంజైములు, బాక్టీరియా, నైట్రేటు ఆధారముగా పనిచేసే ద్రవాలు ప్రత్యామ్నాయముగా వచ్చాయి.

అమెరికా జాతీయ ఉద్యానవనాలలో నిర్దేశించిన చోట తప్ప వాహనము నుండి ఏ మురుగునూ వదలరాదు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ ఆధీనములోని భూములపై వర్తించే సమాఖ్య నిబంధన మాత్రము కడిగిన నీటికి మినహాయింపునిస్తుంది. స్థానిక నియమాలు దీనికన్న కఠినముగా ఉండవచ్చును. అమెరికాలోని తెలుగు కుటుంబాలు సెలవులలో మోటారు హోము అద్దెకు తీసుకొని వెళ్ళే ఎల్లోస్టోన్‌లో, వాహనాన్ని నేరుగా మురుగు పైపుకు కలుపుకొనే సౌకర్యము ఫిషింగ్ బ్రిడ్జి విడిదిలో మాత్రమే ఉన్నది. మిగిలిన చోట్ల దిగేవారు ట్యాంకు నిండకముందే డంప్ స్టేషన్ ఎక్కడున్నదో చూసుకొనవలసి ఉంటుంది.

చలికాలము

ట్యాంకులో, వాల్వులో నీరు గడ్డకడితే ప్లాస్టిక్ పగులుతుంది. వాహనాన్ని చలికాలమంతా నిలిపి ఉంచేవారు ట్యాంకులను పూర్తిగా ఖాళీ చేసి, గొట్టాలలో ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబీ రంగు ద్రవాన్ని పోస్తారు. కారు ఇంజనులో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితము కాబట్టి దానిని ఇందుకు వాడరాదు.