మెరిట్ కథ – 4: పుట్టుకతో వచ్చే తెలివికి కోచింగ్ ఎందుకు?



ఈ భాగం క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు తయారవుతున్న ఇంజనీరింగ్ తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం.

ఆప్టిట్యూడ్ అనే మాటకు నిఘంటువు తీసి అర్థం చూడండి. సహజ సామర్థ్యం, స్వతహాగా ఉన్న నేర్పు అని ఉంటుంది. స్వతహాగా ఉన్నదానికి ట్రైనింగ్ ఎందుకు? మన కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల కాలం దగ్గర పడగానే సీఆర్‌టీ క్లాసులు మొదలవుతాయి. శాతాలు, లాభనష్టాలు, కాలం-పని, రైళ్లు-ప్లాట్‌ఫారాలు, కోడింగ్-డీకోడింగ్, బ్లడ్ రిలేషన్లు. షార్ట్‌కట్లు బట్టీ పట్టిస్తారు. బట్టీ పడితే వచ్చేది పుట్టుకతో వచ్చింది ఎలా అవుతుంది? "అది పుట్టుకతోనే రావాలి" అనే మాట మనకు కొత్త కాదు. ఆ మాట చెప్పే మనల్ని బడి బయట, గుడి బయట, ఊరి బయట నిలబెట్టారు. అందుకే ఈ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చిందో మనం తెలుసుకోవాలి.

మా చంద్రగిరి నుంచే మొదలుపెడతాను. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేల రాసిచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన పైన ఉన్న ప్రభువు చంద్రగిరి పాలకుడైన విజయనగర రాజు. అలా కాలు పెట్టిన కంపెనీ, రెండు వందల ఏళ్లకు పైగా తన పెద్ద ఉద్యోగాలను డైరెక్టర్ల సిఫారసులతోనే నింపుకుంది. 1855లో లండన్‌లో పోటీ పరీక్ష పెట్టి, ఇక సిఫారసు పోయింది, మెరిట్ వచ్చింది అన్నారు. ఆ మెరిట్ ఎలా ఉందో 1854 నాటి మెకాలే కమిటీ మార్కుల పట్టికలో చూడండి. గ్రీకుకు 750, లాటిన్‌కు 750. సంస్కృతానికి 375, అరబిక్‌కు 375. తెలుగు ఊసే లేదు. పాలించాల్సింది మన ఊళ్లను, మార్కులు మాత్రం గ్రీకుకు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చదువులు చదివిన ఇళ్ల పిల్లలకు ఆ పట్టిక అచ్చంగా సరిపోయింది. ఆ పరీక్షను ఇండియాలో రాసే వీలు 1922 దాకా లేదు.

బాబాసాహెబ్ ఈ సంగతి గట్టిగా పట్టుకున్నారు. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాలకు ఉద్యోగాల్లో వాటా అడిగారు. 1943 ఆగస్టులో 8 1/3 శాతం రిజర్వేషన్ ఉత్తర్వులు వచ్చాయి. వాటితోపాటే వయోపరిమితి సడలింపు, పరీక్ష ఫీజు తగ్గింపు కూడా వచ్చాయి. సీటు ఇస్తే చాలదు, సీటు దాకా వెళ్లే దారి కూడా సరిచేయాలన్నదే అందులోని పాఠం.

ఇక ఆప్టిట్యూడ్ పరీక్ష అసలు పుట్టిల్లు. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో గుర్తించడానికి ఒక పరీక్ష తయారుచేశాడు. తెలివి మారనిది అన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. అమెరికా చేరేసరికి ఆ పరీక్ష తలకిందులైంది. మొదటి ప్రపంచయుద్ధంలో 1917 నుంచి 17 లక్షలకు పైగా సైనికులకు పరీక్షలు పెట్టారు. అందులో ఒక ప్రశ్న: క్రిస్కో అంటే మందా, క్రిమిసంహారకమా, టూత్‌పేస్టా, తినే వస్తువా? అది వంటనూనె సరుకు. ఆ డబ్బా కొనే ఇంట్లో పెరిగినవాడికి తెలుస్తుంది, నిన్న ఓడ దిగినవాడికి తెలియదు. ఆ మార్కులు పట్టుకుని 1923లో కార్ల్ బ్రిగమ్ ఏ జాతికి ఎంత తెలివో చెప్పే పుస్తకం రాశాడు. 1926లో వచ్చిన శాట్ పరీక్షను తీర్చిదిద్దినది కూడా ఆయనే. 1930లో తన వాదనకు ఆధారం లేదని తానే ఒప్పుకున్నాడు. అప్పటికే జరగాల్సిన హాని జరిగిపోయింది.

మనం గుర్తుపెట్టుకోవాల్సిన పేరు మరొకటి ఉంది: విల్లీ గ్రిగ్స్. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీలో నల్లజాతివాళ్లకు లేబర్ డిపార్ట్‌మెంట్ ఒక్కటే దక్కేది. అక్కడ అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడికి కూడా, వేరే విభాగంలో అందరికన్నా తక్కువ తీసుకునే తెల్లవాడికన్నా తక్కువే. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు కంపెనీ మంచి విభాగాల్లో చేరేవాళ్లకు రెండు ఆప్టిట్యూడ్ పరీక్షలు పెట్టింది. 'నల్లవాళ్లు రాకూడదు' అనే బోర్డు దిగింది, దాని స్థానంలో ప్రశ్నపత్రం వచ్చింది. గ్రిగ్స్, ఆయన తోటి కార్మికులు కోర్టుకు వెళ్లారు. 1971 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఒక వర్గాన్ని బయట పెట్టే పరీక్షకు, ఆ ఉద్యోగంలో చేయాల్సిన పనికి సంబంధం ఉందని కంపెనీయే చూపించాలి. కంపెనీ ఉద్దేశం మంచిదే అన్నంత మాత్రాన సరిపోదు.

ఇప్పుడు మన సంగతి. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో వచ్చింది. చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో శ్రీవిద్యానికేతన్ 1996లో మొదలైంది. ఆ తర్వాత చుట్టూ కాలేజీలు పెరిగాయి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక పేద ఇళ్ల పిల్లలు ఎంతోమంది బీటెక్ దాకా వచ్చారు. దళితవాడల్లో తొలితరం ఇంజనీర్లు తయారయ్యారు. కాలేజీ తలుపు తెరుచుకుంది. కంపెనీ తలుపు దగ్గర ఆప్టిట్యూడ్ రౌండ్ కూర్చుంది. రాజ్యాంగం 16(4) రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర అది ఆగిపోతుంది.

ఆ ప్రశ్నలను ఒకసారి దగ్గరగా చూడండి. "పది మంది కూలీలు ఒక పనిని ఆరు రోజుల్లో చేస్తే..." అని ఒక లెక్క. ఆ కూలీల బిడ్డే పరీక్ష రాస్తున్నాడు. వేరుశనగ కలుపుకు గుంపుగా వెళ్లి, వచ్చిన డబ్బును పూట లెక్కన, మనిషి లెక్కన పైసా తేడా రాకుండా పంచే అమ్మలు మన ఇళ్లలో ఉన్నారు. ఆ లెక్క వాళ్ల నోట్లో ఉంది. పరీక్షలో అదే లెక్క ఇంగ్లీషులో, నిమిషం గడువులో వస్తుంది. ఇక బ్లడ్ రిలేషన్లు. మనకు మేనమామ వేరు, బాబాయి వేరు, పెదనాన్న వేరు. మేనమామ కొడుకు బావ, బాబాయి కొడుకు తమ్ముడు. వరస తప్పితే ఇంట్లో చీవాట్లు పడతాయి. ఇంత సూక్ష్మమైన లెక్క తెలిసిన పిల్ల అంకుల్, కజిన్ దగ్గర తడబడుతుంది. ఆమెకు తర్కం రాకపోవడం కాదు, తన తర్కాన్ని చెరిపేసి ఇంకొకరి భాషలో రాయాల్సి రావడం. తెలుగు చెప్పేవాడిగా నాకు ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో గణితం చెప్పుకోవడం కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

రౌండ్ దాటినా కథ అయిపోదు. సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రైవేటు ఉద్యోగాలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో 4,808 దరఖాస్తులు పంపారు. దళిత పేర్లకు ఇంటర్వ్యూ పిలుపులు తక్కువ వచ్చాయి, ముస్లిం పేర్లకు ఇంకా తక్కువ. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, మెరిట్ మాత్రమే చూస్తామన్నవాళ్లే 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' కూడా అడుగుతామన్నారు.

అయితే ఆప్టిట్యూడ్ మానేయాలా? అక్కర్లేదు. అది నేర్చుకుంటే వచ్చే విద్య. నేర్చుకోండి, రోజూ గంట సాధన చేయండి, గెలవండి. రౌండ్‌లో పోయినవాళ్లు మాత్రం తమ మెదడును అనుమానించకండి. ఆ పరీక్ష మీకు ఇంతవరకు అందిన అవకాశాన్ని కొలిచింది, మిమ్మల్ని కాదు. కార్యకర్త మిత్రులకు నా విన్నపం. ఈ శిక్షణ మొదటి ఏడాది నుంచే, ఉచితంగా, తెలుగులో వివరిస్తూ, సంక్షేమ హాస్టళ్లలో జరగాలని అడుగుదాం. కంపెనీలను గ్రిగ్స్ అడిగిన ప్రశ్నే అడుగుదాం: ఈ ప్రశ్నపత్రానికీ, మా బిడ్డ చేయబోయే పనికీ ఏమిటి సంబంధం?

వచ్చే భాగంలో హెచ్‌ఆర్ రౌండ్, ఇంటిపేరు.

జై భీమ్.