వెల్లుల్లి వెన్న రొయ్యలు

ఒలిచిన రొయ్యలను వేడి పెనం మీద రెండు మూడు నిమిషాలు వేయించి, వెల్లుల్లి, వెన్న, నిమ్మరసం కలిపి దించే వంటకం ఇది. రొయ్యలు శుభ్రం చేసి ఉంటే పొయ్యి దగ్గర పని పది నిమిషాల్లో ముగుస్తుంది. అందుకే అమెరికాలో పని నుంచి ఇంటికొచ్చాక వండుకునే రాత్రి భోజనాల్లో దీనికి మంచి చోటు దక్కింది. అన్నంతోనో, పాస్తాతోనో, అడుగున మిగిలిన వెన్నను అద్దుకోవడానికి రొట్టెతోనో తింటారు. మసాలా దాదాపు లేని వంట కనుక ఇందులో లోపం ఏదైనా వెంటనే నాలుకకు తెలిసిపోతుంది. రొయ్యల్లో నీరుంటుంది, వెన్నలోనూ నీరుంటుంది. ఏ నీటిని పోగొట్టాలో, దేన్ని నిలుపుకోవాలో తెలిస్తే ఈ వంట వచ్చినట్టే.

మూలాలు

దీన్ని ఒక్క దేశానికి కట్టిపెట్టలేం. స్పెయిన్‌లో గాంబాస్ అల్ అహీయో పేరుతో ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిర్చితో చిన్న మట్టిపాత్రల్లో వేయించి, నూనె సలసల కాగుతుండగానే తెచ్చి ముందు పెడతారు. అందులో వెన్న వాడరు. ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్లిన కుటుంబాలు స్వదేశంలో స్కాంపీ అనే సన్నని గోళ్ల సముద్రజీవిని వండుకున్న తీరులోనే అక్కడ దొరికే రొయ్యలను వండాయి. వెన్న, వెల్లుల్లి, వైట్ వైన్ కలిసిన ఆ ష్రింప్ స్కాంపీయే నేటి ఇంటి వంటకు అతి దగ్గరి చుట్టం. హవాయిలో ఒవాహు దీవి ఉత్తర తీరాన రొయ్యల చెరువులున్న కహుకు ప్రాంతం దీనికి మరో స్థావరం. 1993లో మొదలైన జొవాన్నీస్ ట్రక్కుతో అక్కడి వెల్లుల్లి రొయ్యల పేరు బయటి ప్రపంచానికి పాకింది. పొట్టుతోనే వేయించిన రొయ్యలను, వాటి మీద గుప్పెడు వెల్లుల్లిని, పక్కన రెండు గరిటెల అన్నాన్ని అట్టపళ్లెంలో పెట్టి ఇస్తారు.

రొయ్య ఎంపిక

అమెరికా దుకాణాల్లో ఈ వంటకు దొరికే రొయ్యల్లో ఎక్కువ భాగం వనామి రకం. మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దీని పుట్టిల్లు. ఆంధ్ర తీరంలో అంతకుముందు టైగర్ రొయ్యను పెంచేవారు. 1990లలో తెల్లమచ్చల వైరస్ ఆ చెరువులను తుడిచిపెట్టింది. 2009లో వనామి సాగుకు అనుమతి వచ్చాక భీమవరం, నెల్లూరు పరిసరాల చెరువులు మళ్లీ కళకళలాడాయి. సాగు రొయ్యల్లో ఇప్పుడు దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, భారతీయ రొయ్యలకు అమెరికా చాలా ఏళ్లుగా అతిపెద్ద విపణి. ప్లాంట్లలో తలలు తీసి, పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు. ఈ వంటను పది నిమిషాల వంట అనగలగడం వెనక వాళ్ల శ్రమ ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

పరిమాణాన్ని కౌంట్‌తో చెబుతారు, అయితే లెక్క రెండు చోట్లా ఒకటి కాదు. మన చెరువు గట్టు మీద కిలోకు తలతో సహా ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కౌంట్. అమెరికా సంచి మీద ఉండే 16/20, 21/25 అంకెలు పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తల తీసిన రొయ్యలు ఎన్నో చెబుతాయి. ఈ వంటకు 21/25 బాగా నప్పుతుంది. మన లెక్కలో అది ఇంచుమించు 30 కౌంట్. చిన్న రొయ్యలు పైన రంగు పట్టేలోపే లోపల ముదిరిపోతాయి.

తలతో తాజా రొయ్యలు కొంటే తలలు వెంటనే తీసేయాలి. జీర్ణగ్రంథి తలలోనే ఉంటుంది. చనిపోయాక దానిలోని ఎంజైములు కండలోకి దిగి మెత్తబరుస్తాయి. గడ్డకట్టినవైతే రాత్రంతా ఫ్రిజ్‌లో గానీ, సంచితోనే చన్నీళ్లలో గానీ ఉంచి విడవనివ్వాలి. వేడినీళ్లలో వేస్తే అంచులు అక్కడే ఉడికిపోతాయి. వీపు మీద గాటు పెట్టి లాగేసే నల్ల నరం నిజానికి పేగు. తీయకపోతే పంటి కింద ఇసుక తగులుతుంది.

వండే తీరు

అర కిలో ఒలిచిన రొయ్యలకు 50 గ్రాముల వెన్న, ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా నూనె, అర చెక్క నిమ్మకాయ, మిరియాల పొడి, కొంచెం పచ్చిమిర్చి లేదా ఎండుమిర్చి పలుకులు, కొత్తిమీర చాలు. విదేశాల్లో కొత్తిమీర స్థానంలో పార్స్లీ వేస్తారు. మన దుకాణాల్లో దొరికే టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రొయ్యలకు పట్టించే ఉప్పు తగ్గించాలి.

రొయ్యలను గుడ్డతో పొడిగా అద్దడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, వంట సగం అక్కడే ఉంది. తడి ఉంటే పెనం వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, రొయ్య వేగకుండా ఉడుకుతుంది. మన ఇళ్లలో పచ్చిరొయ్యలకు ముందు ఉప్పు, పసుపు వేసి, ఊరిన నీరు ఇగిరేదాకా ఉంచే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇగురులోనూ, వేపుడులోనూ అది సరైన పద్ధతే. నీచు పోతుంది, గట్టిపడిన రొయ్య మసాలాను నిలుపుకుంటుంది. ఇక్కడ మాత్రం లోపలి నీరు లోపలే ఉండాలి.

పెనం బాగా కాగాక నూనె వేసి, రొయ్యలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరవాలి. కదపకుండా ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర చాలు. పెనం చిన్నదైతే రెండు వాయిలుగా వేయించడం మంచిది. పచ్చి రొయ్యలో అస్టాజాంథిన్ అనే ఎర్రటి వర్ణకం ఒక ప్రోటీన్‌తో ముడిపడి బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోగానే నారింజ రంగు బయటపడుతుంది. రొయ్య కొంచెం వంగి, కండ గాజుతనం పోయి తెల్లబడితే తీసేయవచ్చు. గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ముదిరినట్టే. అమెరికా ఆహార భద్రతా సూచనలు చెప్పే లోపలి ఉష్ణోగ్రత 63 డిగ్రీల సెల్సియస్.

రొయ్యలను పళ్లెంలోకి తీసి, మంట తగ్గించి, అప్పుడు వెన్న వేయాలి. వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, మిగతాది చాలావరకు నీరు, కొద్దిగా పాలపదార్థం. ఎక్కువ మంట మీద ముందే వేస్తే ఆ పాలపదార్థం మాడుతుంది. వెల్లుల్లిని దంచినా, తరిగినా కణాలు చిట్లి, అల్లిసిన్ అనే ఘాటు పదార్థం పుడుతుంది. దాన్ని పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది కాబట్టి వెల్లుల్లిని కొన్ని నిమిషాల ముందే తరిగి ఉంచాలి. వెన్నలో అర నిమిషం, పచ్చివాసన పోయేదాకా వేగితే చాలు, ఎర్రబడితే చేదెక్కుతుంది. ఘాటు ఇష్టమైనవాళ్లు సగం ఇప్పుడు, సగం దించేముందు వేస్తారు.

తర్వాత నిమ్మరసం, రెండు చెంచాల నీళ్లు పోసి పెనాన్ని గుండ్రంగా తిప్పితే, వెన్నలోని నీరు, కొవ్వు, పాలపదార్థం కలిసి చిక్కటి రసంగా మారి రొయ్యలకు అంటుకుంటాయి. నెయ్యితో చేస్తే వాసన బాగుంటుంది కానీ ఈ చిక్కదనం రాదు. నెయ్యిలో నీరూ, పాలపదార్థమూ ఉండవు, కొవ్వు విడిగా తేలిపోతుంది. చిలికి తీసిన ఇంటి వెన్నలో మజ్జిగ మిగిలి ఉంటుంది కనుక అది చిటపటలాడుతుంది. నురగ తగ్గేదాకా ఆగాలి. రొయ్యలను తిరిగి వేసి అర నిమిషం కలిపి, కొత్తిమీర చల్లి దించాలి.

ఆహార విలువ, జాగ్రత్తలు

వండిన వంద గ్రాముల రొయ్యల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు తక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. ఈ వంటలో సంతృప్త కొవ్వు వెన్న నుంచి వస్తుంది. రొయ్యలు పడనివాళ్లకు ఎక్కువగా కారణమయ్యే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ వేడికి చెక్కుచెదరదు. ఎంత వేయించినా అలర్జీ ముప్పు తగ్గదు, అతిథులకు వడ్డించేముందు అడగడం తప్పనిసరి. మిగిలినవాటిని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తినవచ్చు గానీ, మళ్లీ వేడి చేస్తే రొయ్యలు రబ్బరులా సాగుతాయి. అప్పుడు వెన్న రసాన్ని మాత్రం వేడి చేసి అన్నంలో కలిపి, రొయ్యలను చివర్లో ఆ వేడి అన్నంలో వేస్తే సరిపోతుంది.