రికార్డుల తరువాత రెవరెండ్ గేరీ డేవిస్

పాత బ్లూస్ గాయకుల చరిత్రలు చదువుతుంటే నన్ను ఎక్కువగా ఆకర్షించేది వారి రికార్డులకన్నా ఆ తరువాతి జీవితం. అందుకు గేరీ డేవిస్ కథ మంచి ఉదాహరణ.

దక్షిణ కరోలినాలో 1896లో పుట్టిన ఈయనకు పసితనంలోనే చూపు పోయింది. 1935 జులైలో న్యూయార్కు వచ్చి అమెరికన్ రికార్డ్ కంపెనీకి ఓ పదిహేను పాటలు పాడాడు. కంపెనీకి కావలసినవి బ్లూస్. ఈయన పాడదలచినవి భక్తిగీతాలు. బ్లూస్ రెండే పాడి తక్కినవన్నీ దేవుడికిచ్చేశాడు! ప్రతిఫలం దగ్గరా పేచీ వచ్చింది. ఆపైన సుమారు పదేళ్ళు రికార్డింగు ఊసే లేదు.

1940లలో భార్య ఆనీతో న్యూయార్కులో స్థిరపడి, హార్లెం వీధుల్లో పాడుతూ, ప్రబోధిస్తూ పొట్టపోసుకున్నాడు. గిటారు పాఠాలూ చెప్పేవాడు. 1950లు, 60లలో ఆ యింటికి శిష్యులుగా వచ్చినవారిలో చాలామంది తెల్లజాతి కుర్రవాళ్ళు. స్టెఫాన్ గ్రాస్‌మన్, డేవిడ్ బ్రోంబర్గ్, వుడీ మాన్ ఆ గదిలో నేర్చినవారే.

ఆయన కుడిచేతిలో పనిచేసేవి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే. ఆ రెంటితోనే పియానో మీది రాగ్‌టైమునీ, బ్యాండుమేళపు కవాతునీ గిటారు మీదికి దించేవాడు. ఎడమ మణికట్టు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుందనీ, ఇతరులకు అందని స్వరస్థానాలు ఆ చేతికి అందేవనీ అంటారు. ఇదంతా రికార్డు విని పట్టుకునే విద్య కాదు. ప్లేటు మీద పాట ఒక్క రూపంలోనే నిలిచిపోతుంది. ఈయనేమో అదే పాటను రకరకాలుగా మార్చి వాయించేవాడు. ఎదుట కూర్చున్నవాడికే ఆ మార్పుల మర్మం తెలుస్తుంది. గురుముఖతః నేర్వడమంటే ఇదేనని నాకనిపిస్తుంది.

డబ్బు మాత్రం చివరికి రికార్డు వల్లనే వచ్చింది, అదీ పరుల రికార్డు వల్ల. 1962లో పీటర్, పాల్ అండ్ మేరీ బృందం తమ తొలి ఆల్బంలో సామ్సన్ కథ మీది ఆయన పాటను పాడింది. ఆ రాయల్టీతో క్వీన్స్‌లోని జమైకాలో సొంత ఇల్లు కొనుక్కున్నాడు. అరవయ్యేళ్ళు దాటాక! వీధిలో పాడే అగత్యం తీరినా పాఠాలు మానలేదు. 1965లో న్యూపోర్టు జానపదోత్సవంలోనూ వాయించాడు.

1972 మే 5న న్యూజెర్సీలో ఒక కచేరీకి వెళుతూ, దారిలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి డెబ్బయ్యారేళ్ళు. 1962-67 మధ్య గ్రాస్‌మన్ ఆయన ఇంట్లోనూ, చర్చిలోనూ టేపు చేసుకున్నవి తరువాత విడుదలయ్యాయి. 1935 నాటి పాటలు విన్నవారు వాటినీ తప్పక వినాలి.