జీపు బండి – రంగు ముచ్చట

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర, ప్రాజెక్టుల చరిత్ర సాధికారంగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఉద్యోగ జీవితంలో సగం కాలం ఏ బండి వెనుక సీటులో కూర్చుని కాలువ గట్ల మీద తిరిగానో ఆ జీపు గురించి, అందులోనూ దాని రంగు గురించి రాయదలచాను. ఇది చాలా చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. కానీ లక్షలు పోసి బండి కొనేవాడికి రంగు కోరుకునే హక్కు ఉన్నదా, లేక కంపెనీవాడు ఇచ్చిందే పుచ్చుకోవాలా అన్న తగవు వయసు నూరేళ్ళు దాటింది.

ఈ తగవుకు మూలపురుషుడు అమెరికాలోని హెన్రీ ఫోర్డ్. ఆయన మోడల్ టి కారు 1908లో వచ్చినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద వంటి రంగులు ఉండేవి. 1913లో ఫ్యాక్టరీలో కదిలే వరుస పద్ధతి ప్రవేశపెట్టారు. పనివాడు బండి దగ్గరకు పోవటం మాని, బండే పనివాడి దగ్గరకు రావటం మొదలైంది. ఆ వేగానికి రకరకాల రంగులు అడ్డం. 1914 నుంచి 1925 వరకు నలుపు ఒక్కటే మిగిలింది. నలుపు అయితే చాలు, ఏ రంగైనా కోరుకోవచ్చునని ఫోర్డ్ అన్నట్లుగా చెప్పే చమత్కారం మనలో చాలామందికి తెలిసిందే. ధర తగ్గుతూ వచ్చింది కనుక జనం నలుపునే కొన్నారు. అయితే 1923 ప్రాంతంలో డ్యూపాంట్ కంపెనీ వారి త్వరగా ఆరే డ్యూకో రంగులు వచ్చాయి. జనరల్ మోటార్స్ వారు తమ ఓక్‌లాండ్ కార్లకు నీలం రంగు వేసి అమ్మారు. చివరకు ఫోర్డ్ కూడా 1926 మోడళ్ళకు మళ్ళీ రంగులు తెచ్చాడు. కోటిన్నర బండ్లు దాటిన తరువాత 1927లో మోడల్ టి ఆగిపోయింది. దానికి రంగు ఒక్కటే కారణం కాదు, బండి పాతబడిపోయింది. కానీ కొనేవాడి మనసులో రంగుకు కూడా చోటున్నదని వ్యాపారస్తులకు ఆనాడే తెలిసివచ్చింది.

ఇక జీపు సంగతి. ఇది యుద్ధంలో పుట్టిన బండి. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి 1941–45 మధ్య ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. శత్రువు కంటికి ఆనకుండా ఉండటానికి మెరుపు లేని ముదురు ఆలివ్ రంగు పూసేవారు. అక్కడ ఇష్టానిష్టాల ప్రసక్తి లేదు. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ వారు సి.జె. 2ఎ అనే పౌర జీపును రైతుల కోసం విడుదల చేశారు. మొదట ఇచ్చిన రంగులు రెండే: పచ్చిక ఆకుపచ్చ ఒకటి, పంట కోత నాటి గోధుమ వన్నె ఒకటి. మొదటిదానికి పసుపు చక్రాలు, రెండవదానికి ఎర్ర చక్రాలు. రెండే రంగులైనా, రెండూ కొనేవాడి పొలంలోంచి తీసినవే కావటం గమనించదగ్గది.

ఇంగ్లండులో మరొక విధంగా జరిగింది. రోవర్ కంపెనీలో ముఖ్య ఇంజనీరైన మారిస్ విల్క్స్ తన పొలంలో వాడిన పాత యుద్ధ జీపును చూసి, అటువంటిదే మనమెందుకు చేయకూడదని తలచాడు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో లాండ్ రోవర్ వెలువడింది. ఉక్కుకు రేషను ఉండటం వల్ల బాడీ అల్యూమినియం మిశ్రమంతో చేశారు. రంగు కూడా కరువులో దొరికినదే. యుద్ధ విమానాల కాక్‌పిట్‌లకు వేయగా మిగిలిన లేత ఆకుపచ్చ రంగు చవకగా దొరికితే దానినే పూశారు. కొన్ని సంవత్సరాలు కొనేవాళ్ళకు ఆకుపచ్చ తప్ప వేరు రంగు లేదు. బూడిద, నీలం రంగులు ఆ తరువాత వచ్చాయి. ఈనాడు పాత బండ్ల అభిమానులు ఆ ఆకుపచ్చ కోసమే వెతుక్కుంటున్నారు.

మన దేశంలో మహీంద్రా వారు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపు భాగాలు తెప్పించి బొంబాయిలోని మజగాఁవ్‌లో కూర్చటం మొదలుపెట్టారు. తరువాతి కాలంలో జీపు అంటే సర్కారు బండి అనే పేరు స్థిరపడింది. నేను సాగర్ ఎడమ కాలువ పనుల మీద ఉన్న రోజుల్లో మా సబ్ డివిజన్ జీపు బూడిద రంగుది. అసలు రంగు అదేనో, కాలువ గట్ల దుమ్ము వల్ల అట్లా కనిపించేదో చెప్పటం కష్టమని మా డ్రైవరు అంటుండేవాడు. దూరాన దుమ్ము లేస్తే చాలు, డి.ఇ. గారు వస్తున్నారని లస్కర్లు తలపాగాలు సర్దుకునేవారు. రంగు గురించి ఎవరూ అడగలేదు, ఎందుకంటే అది ఎవరి సొంత బండీ కాదు. సొంతానికి కొనే స్కూటర్ల విషయంలోనూ అంతే. ముందే డబ్బు కట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూసినవాడు, వంతు వచ్చిన రోజున రంగు చూసి వద్దంటాడా?

1991 సంస్కరణల తరువాత కాలం మారింది. కొనేవాడు రాజు అన్నారు. అయినా ఈ తగవు తీరలేదు. మహీంద్రా వారి కొత్త థార్ 2020 అక్టోబరు 2న విడుదలైనప్పుడు ఆరు రంగులు ఇచ్చారు. అందులో తెలుపు లేదు! మన ఎండలకు తెలుపే మేలని నమ్మేవాళ్ళు నిరాశపడ్డారు. 2023 జనవరిలో తెలుపు వచ్చింది గాని, మొదట అది వెనుక చక్రాలు మాత్రమే లాగే రకానికే వచ్చింది. కొండలు గుట్టలు ఎక్కటానికి నాలుగు చక్రాల బండి కోరుకున్నవాడికి ఆనాడు ఆ తెలుపు దక్కలేదు.

ఇటువంటి అనుభవమే మా ఇంట్లోనూ జరిగింది. అది వేరొక కంపెనీ. పేరు ఇక్కడ అనవసరం. మా రెండవ అబ్బాయి పశువుల డాక్టరు. మారుమూల గ్రామాలకు పోవటానికి నాలుగు చక్రాల బండి అవసరమై, వెండి రంగుదానికి అడ్వాన్సు కట్టాడు. మూడు నెలలకు కబురు వస్తే నేనూ వెంట వెళ్ళాను. “వెండి రంగు ఈ మోడల్‌కు రాదు సార్. నలుపు రెడీగా ఉంది, రేపే తీసుకెళ్ళొచ్చు” అన్నాడు షోరూం కుర్రవాడు. “మరి డబ్బు కట్టించుకునేటప్పుడు ఎందుకు చెప్పలేదు బాబూ?” అని అడిగాను. అతను తల వంచుకున్నాడు. పాపం, అతని చేతిలో ఏముంది? మందుల పెట్టెతో ఎండన పడి తిరిగేవాడికి నలుపు పనికిరాదు. కానీ పాత బండి అప్పటికే అమ్మేశాడు. పూర్తి ధర చెల్లించి, ఇష్టం లేని రంగు ఇంటికి తెచ్చుకున్నాడు. మే నెలలో ఆ తలుపు ముట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది.

కంపెనీల వైపు నుంచి కూడా చూడాలి. బాడీని ముందు తుప్పు పట్టని పూతలో ముంచి, ప్రైమరు, రంగు, పైన మెరుపు పూత వేసి, కొలుముల్లో ఆరబెడతారు. రంగు మార్చిన ప్రతిసారి గొట్టాలు, తుపాకులు కడగాలి. రంగూ, సమయమూ వృథా. పైగా రెండు ఇంజన్లు, రెండు గేరు పద్ధతులు, మూడు పైకప్పులు ఉన్నాయనుకుంటే పన్నెండు రకాలు. ఆరు రంగులైతే డెబ్బై రెండు. మరొక్క రంగు చేరిస్తే ఇంకో పన్నెండు. ఏ ఊళ్ళో ఏది అమ్ముడుపోతుందో తెలియక డీలరు తల పట్టుకుంటాడు. కాబట్టి రంగులు తగ్గించటాన్ని నేను తప్పుపట్టను.

మన వినియోగదారుల రక్షణ చట్టం 1986లోనే, వీలైన చోటల్లా సరసమైన ధరలకు రకరకాల వస్తువులు అందుబాటులో ఉండటం వినియోగదారుని హక్కుగా చెప్పింది. 2019 చట్టమూ దానిని నిలబెట్టింది. ‘వీలైన చోట’ అన్న మాట ఉన్నది గనుక ఇన్ని రంగులు ఇచ్చి తీరాలని ఎవరినీ నిర్బంధించలేము. అయితే వస్తువును గురించి సరైన సమాచారం పొందే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఫోర్డ్ నలుపు తప్ప లేదని దాచకుండా చెప్పాడు. కొనేవాడు తెలిసే కొన్నాడు. లేని రంగును పుస్తకంలో చూపి డబ్బు కట్టించుకోవటం మాత్రం వేరు సంగతి.

మిత్రులలో చాలామంది రిటైర్మెంటు డబ్బుతో పిల్లలకు బండి కొనిపెట్టే వయసులో ఉన్నారు. కనుక నా మనవి. అడ్వాన్సు కట్టేటప్పుడు మోడలుతో పాటు రంగు కూడా రసీదు మీద రాయించుకోండి. ఆ రంగు ఇవ్వలేకపోతే డబ్బు ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారో అక్కడే రాయించండి. కొత్త బండి చేతికి వచ్చేదాకా పాతది అమ్మవద్దు. తరువాత రంగు మార్పిద్దామనుకుంటే ఖర్చు ఒక ఎత్తు, రవాణా శాఖకు తెలిపి ఆర్.సి.లో మార్పు రాయించుకోవటం ఒక ఎత్తు. పాత మిలిటరీ జీపులా ఆలివ్ ఆకుపచ్చ వేయిద్దామని సరదాపడే మనవలకు ముందే చెప్పండి: 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది ఆ రంగును రక్షణ శాఖ బండ్లకే కేటాయించింది. యుద్ధంలో జీపుకు పుట్టుకతో వచ్చిన ఆ ఒక్క రంగు మాత్రం, ఎంత డబ్బు పెట్టినా, మన దేశంలో మామూలు పౌరుడికి దొరకదు.