టూల్ వివరణ (కృత్రిమ మేధ)

కృత్రిమ మేధ ఏజెంటుకు అప్పగించే ప్రతి టూల్‌తో పాటు ఇచ్చే పరిచయ వాక్యాలే టూల్ వివరణ. టూల్ లోపలి కోడ్ సాధారణంగా ఏజెంటును నడిపే మోడల్‌కు కనబడదు. ఏ టూల్‌ను ఎప్పుడు వాడాలో పేరునూ ఈ నాలుగు ముక్కలనూ చదివే అది తేల్చుకుంటుంది.

మోడల్ చేత టూల్స్‌ను పిలిపించే ఫంక్షన్ కాలింగ్‌ను 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ, టూల్స్‌ను మోడళ్లకు కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చాక ఈ రాతపనికి గిరాకీ పెరిగింది.

రైళ్లు వెతికే టూల్ ఒకటి ఉందనుకుందాం. ‘రైళ్లు చూపుతుంది’ అని రాసి ఊరుకుంటే ఏజెంటు తేదీగా 03-04-2025 పంపవచ్చు. అది మనకు ఏప్రిల్ 3, అమెరికావాళ్లకు మార్చి 4. ‘ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు; ఊరి పేరు బదులు స్టేషన్ కోడ్, ఉదాహరణకు విజయవాడకు బీజెడ్ఏ; ఖాళీలు చూపుతుందే గాని టికెట్ బుక్ చేయదు’ అని రాస్తే తికమక ఉండదు. ఆ చివరి ముక్క రాయడమే చాలామంది మరచిపోతారు.

ఎంత వివరించినా తీరని చిక్కులుంటాయి. కోడ్ సరిదిద్దే ఆంత్రోపిక్ ఏజెంటు ఒకటి వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాక ఫైళ్ల దారి తప్పేది. ఎప్పుడూ ఫైలు పూర్తి చిరునామానే ఇవ్వాల్సి వచ్చేలా టూల్‌నే మార్చారు, తప్పులు ఆగాయి. ఆ పనిలో ప్రాంప్టు కంటే టూల్స్ మీదే ఎక్కువ సమయం పెట్టామని ఆ సంస్థ చెప్పుకుంది.

వివరణను మోడల్ నమ్ముతుంది కాబట్టి మోసగాళ్ల కన్నూ దీనిమీద పడింది. లెక్కలు చేసే టూల్‌నని చెప్పుకుంటూనే, వాడుకరి రహస్య ఫైళ్లు చదివి పంపమనే ఆదేశాన్ని అందులో దాచవచ్చు. దీన్ని టూల్ పాయిజనింగ్ అంటారు.