ధమనిలో గాలి

తెలుగు పారిభాషిక పదాలు కొరుకుడు పడవని తరచు వింటుంటాము. 'ధమని'నే తీసుకుందాం. 'ధ్మా' అనే సంస్కృత ధాతువుకు ఊదడమని అర్థం. ధమని పేరుకు మూలం అదే. కమ్మరి తిత్తి ఊదడమూ ధమనమే.

ఆంగ్లంలోని 'ఆర్టరీ'కి మూలం గ్రీకు 'ఆర్టీరియా'. గ్రీకులు ఊపిరిగొట్టాన్ని సైతం ఆ పేరుతోనే పిలిచారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఎరసిస్ట్రాటస్ అనే వైద్యుడు ధమనులలో ఉండేది నెత్తురు కాదు, గాలి నుండి పుట్టిన 'న్యూమా' అని నమ్మాడు. ఆ నమ్మకం నిరాధారమేమీ కాదు. శవంలో ధమనులు దాదాపు ఖాళీగానే కనబడతాయి. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాలెన్ బతికున్న జంతువు ధమనిని రెండుచోట్ల దారంతో బిగించి, నడుమ కోసి చూశాడు. లోపల ఉన్నది నెత్తురే! ఆ నెత్తురు గుండె నుండి బయలుదేరి మళ్ళీ గుండెకే చేరుతుందని 1628లో విలియం హార్వే వివరించాడు.

గాలి పోయింది, పేరు నిలిచింది.

పదం పుట్టుక పూర్వుల ఊహను చెబుతుంది. అవయవం చేసే పనిని మాత్రం పరీక్షే చెప్పాలి. 'ఆర్టరీ' ఆంగ్ల బాలుడికీ కొత్త మాటే. ఈ కథ చెబితే రెండు మాటలూ తేలికే. చెప్పకుండా వల్లె వేయిస్తే రెండూ బరువేనని నా అభిప్రాయం.